చూసొచ్చి చెప్పే మైకు

మెదక్‌లో పరమేశ్ ముఖం గుర్తుపట్టని వాళ్లుంటారు గానీ, గొంతు గుర్తుపట్టని వాళ్లుండరు. నల్లా ఏ పూట వస్తుందో, కరెంటు ఎప్పుడు పోతుందో, ఎవరింట్లో ఎవరు పోయారో, పోలియో చుక్కలు ఏ బడిలో వేస్తారో, అన్నీ ఆ గొంతులోంచే ఊరికి తెలియాలి. శివరాత్రికి ఏడుపాయల జాతరలో తప్పిపోయిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల అంగీ రంగు చెప్పి తల్లుల్ని పిలిచేది అతనే. క్రిస్మస్ నాడు చర్చికి వచ్చే జనానికి బండ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేదీ అతనే. ఉన్నదల్లా ఒక పాత ఆటో, దాని నెత్తిన రెండు స్పీకర్లు, లోపల ఒక యాంప్లిఫయర్. అరిగిపోని సరుకు గొంతొక్కటే.

ఎన్నికలొస్తే అన్ని పార్టీలకూ పరమేశే కావాలి. పొద్దున ఒక జెండా, పొద్దుగూకితే ఇంకో జెండా. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "గొంతు కిరాయిది, ఓటు నాది" అనేవాడు, అదేదో గొప్ప మాటలాగా. ఆ మాటకు అందరూ నవ్వేవారు. ఇంట్లో తండ్రి గాలయ్య మాత్రం నవ్వేవాడు కాదు.

గాలయ్యది డప్పు. మైకులు రాకముందు ఈ ఊళ్లో చాటింపు అంటే గాలయ్యే. ఆయనకో పట్టింపు ఉండేది. కళ్లతో చూడనిది చాటేవాడు కాదు. చావు కబురైనా సరే, ముందు ఆ ఇంటికి పోయి గుమ్మంలో నిలబడి చూసి, ఆ తరువాతే డప్పు మీద పుల్ల వేసేవాడు. ఒకసారి ఎవరో పెద్దింటి జీతగాడు ఉరుక్కుంటూ వచ్చి, "మా ముసలాయన పోయిండు, చాటియ్యి" అన్నాడట. గాలయ్య పోయి చూస్తే ముసలాయన మంచంలో లేచి కూర్చుని గంజి తాగుతున్నాడు. "నేను డప్పు కొట్టి ఉంటే, గంజి తాగేటోణ్ని కాట్లకు పంపిన పాపం నాదైతుండె" అని ఇప్పటికీ చెప్తాడు. ఈ కథ వినివిని పరమేశ్‌కు విసుగొచ్చింది. పోలియో చుక్కలు వేస్తారో లేదో పోయి చూసి రావాలా? కాగితం ఇస్తారు, చదవాలి, అంతే.

అలాంటి కాగితమే ఒకటి మొన్నటి ఎన్నికల్లో రాంచందర్ ఇంట్లో దొరికింది.

రాంచందర్‌కు ఊరి బయట పొలాలున్నాయి, ఊళ్లో ప్లాట్లున్నాయి, ఇసుక లారీలున్నాయి. పోయినసారి వార్డు ఆడవాళ్లకు రిజర్వయింది. అందుకని భార్య నిర్మలమ్మను నిలబెట్టి గెలిపించుకున్నాడు. కౌన్సిలర్ ఆమె, ఈసారీ నిలబడింది ఆమే. జనం "కౌన్సిలర్ సాబ్" అని పిలిచేది ఆయన్ని. ఫ్లెక్సీలో ఆమె ఫొటో తాంబూలం పళ్లెమంత, ఆయన ఫొటో తలుపంత. మీటింగులో ఆమె కుర్చీ వెనక ఆయన కుర్చీ. ఎవరైనా ఆమెను ఏదైనా అడిగితే సమాధానం వెనక కుర్చీలోంచి వచ్చేది. ఇది ఊళ్లో ఎవరికీ వింతగా తోచలేదు. అసలు వింత అదే.

ఆ రోజు హాల్లో ఏసీ పెట్టించి, చాయ్ తెప్పించి, రాంచందర్ కాగితం చేతికిచ్చాడు. ఐదేళ్లలో చేసిన పనులు. వాటిని మంచి గొంతుతో చదివి రికార్డు చేయాలి. పరమేశ్ చదువుకుంటూ పోయి ఒక చోట ఆగాడు.

"అన్నా, గచ్చుబావి గల్లీల మోరీ అయిపోయిందా?"

"అయినట్టే రా."

"అయినట్టేనంటే?"

"బిల్లయిపోయింది. ఇగ పని ఎంతసేపు?"

హాల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. పరమేశ్ కూడా నవ్వాడు. నవ్వి, గొంతు సవరించుకుని చదివాడు: "గచ్చుబావి గల్లీ ప్రజలకు శుభవార్త! మీ చిరకాల స్వప్నం నెరవేరింది! మురుగు కాలువ నిర్మాణం దిగ్విజయంగా పూర్తయింది!" చదువుతుంటే తనకే ఒళ్లు పులకరించింది. అంత బాగా వచ్చింది.

అవినీతి అనగానే టీవీల్లో వేల కోట్లు, విమానాలు, కోర్టులు చూపిస్తారు. గచ్చుబావి గల్లీలో అవినీతి అంటే ఇళ్ల ముందర పారే నల్లటి మట్టి కాలువ. దాని మీద అడ్డంగా వేసిన పాత తలుపు చెక్కలు. దానిలోంచే పోయే నల్లా పైపు. వానొస్తే మోరీ ఇంట్లోకి, ఎండొస్తే దోమ ఇంట్లోకి. మోరీకి వచ్చిన డబ్బు ఎవడి జేబులోకి పోయిందో అందరికీ తెలుసు. ఎవరూ అనరు, ఎందుకంటే రేపు ఇంటి పర్మిషన్‌కో, పింఛన్‌కో మళ్లీ ఆ జేబు దగ్గరికే పోవాలి.

మర్నాడు పరమేశ్ పెన్ డ్రైవ్ పెట్టుకుని ఆ గల్లీలోకి మళ్లాడు. ఎదురుగా కట్టెల బండి వస్తుంటే పక్కకు తీశాడు. ముందు చక్రం జర్రున జారి మోరీలో దిగింది. ఆటో ఒక పక్కకు ఒరిగింది. స్పీకర్లు ఆకాశం వైపు తిరిగి, "మురుగు కాలువ నిర్మాణం దిగ్విజయంగా పూర్తయింది!" అని అరిచాయి.

గల్లీకి గల్లీ బయటికొచ్చింది. నవ్వలేక కొందరు అరుగుల మీద కూలబడ్డారు. మక్కకంకులు కాల్చి అమ్ముకునే ఐలవ్వ విసనకర్ర పట్టుకునే వచ్చింది.

"ఏం కొడుకా, అయిపోయిన మోరీల ఎట్ల వడ్డవ్?"

"జర చెయ్యేయుండ్రవ్వా, తరువాత నవ్వుదురు."

"ఆగు, ఇంకోపారి ఇననియ్. ఏమన్నవ్? దిగి... దిగి..."

"దిగ్విజయంగా."

"ఆఁ, దిగినవ్ గదా, గదే!"

అందరూ తలో చెయ్యి వేసి ఆటోను లేపారు. పరమేశ్ ప్యాంటుకు మోకాళ్ల దాకా నల్లటి బురద. ఆ పూట అతను కూడా నవ్వుకుంటూనే ఇంటికి పోయాడు. ఇందులో నవ్వులు కాక ఇంకేమైనా ఉందని అప్పుడు తట్టలేదు.

నాలుగు రోజులు తిరక్కముందే నల్లా నీళ్ల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. గచ్చుబావి గల్లీలో పైపు పగిలి మోరీ నీళ్లు కలిశాయి, బాగు చేసేదాకా ఆ నీళ్లు తాగొద్దని చెప్పి రా అన్నారు. పరమేశ్ పోయి గల్లీ అంతా చెప్పాడు. కాగితం లేకుండా, నిజమైన గాబరాతోనే చెప్పాడు. అరుగుల మీద ఉన్నవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఒకామె బిందె నింపుకుంటూ చెయ్యి ఊపింది కూడా.

మూడో నాటికి గల్లీలో సగం ఇళ్లు దవాఖానలో ఉన్నాయి. వాంతులు, విరేచనాలు. ప్రాణాలు పోలేదు గానీ పోయేదాకా వచ్చాయి. పరమేశ్ పోయి చూస్తే ఐలవ్వ సెలైన్ బాటిల్ కింద ముడుచుకుని పడుకుని ఉంది. విసనకర్ర తలకింద పెట్టుకుంది.

"అవ్వా, నీళ్లు తాగద్దని చెప్పినగదనే. ఇనలేదా?"

"ఇన్న కొడుకా. మంచిగ ఇన్న." ఆమె గొంతు పీలగా ఉంది, ఎత్తిపొడుపు మాత్రం తగ్గలేదు. "మోరీ లేదు, నువ్వు ఉన్నదన్నవ్. మల్లొచ్చి నీళ్లు మంచిగ లెవ్వన్నవ్. గట్లయితే మస్తుగున్నట్టున్నయని, ఇంకో చెంబు ఎక్కువనే తాగిన."

పరమేశ్‌కు నవ్వు రాలేదు. ఆమెకూ రాలేదు. "నీ గొంతంటే మాకు నల్లా అసొంటిది రా. తిప్పితే నీళ్లొస్తయనుకున్నం" అని అటు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. చెయ్యి కదల్లేదు. భార్య యశోద, "ఏమయ్యా, పాణం బాగలేదా?" అంటే జరిగింది చెప్పాడు. మంచంలో ఉన్న గాలయ్య విన్నాడు.

"చెప్పేముంగట గా మోరీ నువ్వు జూసినవా?"

"లే నాయినా."

"మరెట్ల జెప్పినవ్?"

"రాసిచ్చిండ్రు. చదివిన."

గాలయ్య మంచంలో లేచి కూర్చున్నాడు. తరువాత, "నాకు సదువు రాకపాయె, నీకన్న రావాలని బడికి తోలిన" అన్నాడు. "గిందుకా తోలింది?"

మరునాడు పొద్దున్నే పరమేశ్ రాంచందర్ ఇంటికి పోయాడు. రాంచందర్ వాకిట్లో కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాడు. నిర్మలమ్మ తులసి దగ్గర ఉంది.

"అన్నా, గా రికార్డింగు వద్దు. కొత్తది చేద్దాం. పని యాడ జేస్తే గాడికే పోదాం. కండ్లార చూసి, గాడ్నే నిలవడి చెప్త. అయింది అయిందంట, కాంది కాలేదంట. గల్లీ వాళ్లను గూడ ఒక్క మాట మాట్లాడిపిద్దాం. మీకే మంచి పేరొస్తది."

రాంచందర్ పేపరు దించాడు. "ఏం రా, మోరీల వడంగ బుర్రకు దెబ్బ తాకిందా?"

"నా గొంతు మీద నమ్మకం పోయిందన్నా. మొన్న నీళ్లు తాగద్దంటే ఎవలు ఇనలే. రేపు మంజీరకు వరదొచ్చిందని చెప్తే ఇంటరా?"

"నమ్మకం నీది పోతే నాకేంది రా. నీ గొంతు పెన్ డ్రైవ్‌ల ఉన్నది. నువ్వు రాకున్నా అది తిరుగుతది. పో."

తులసి దగ్గర చెంబు చప్పుడైంది. నిర్మలమ్మ తల ఎత్తలేదు.

ఈ ముచ్చట పరమేశ్ ఇంటికి చేరకముందే చౌరస్తాకు చేరింది. గచ్చుబావి గల్లీ చివర ఏలీయా హోటల్లో పరమేశ్ చాయ్ తాగుతుంటే ఎదుటి పార్టీ మనిషి ఒకడు పక్కన వచ్చి కూర్చున్నాడు. "పరమేశన్నా, గదే మాట మా ఆటోల చెప్పు. డబల్ ఇస్తం."

"చెప్త. పోయినసారి మీరు గెలిచిన వార్డుల పనులు గూడ చూసొచ్చి చెప్త. పోదామా?"

ఆ మనిషి చాయ్ సగంలో వదిలేసి లేచాడు. ఏలీయా ఆ గ్లాసు తీస్తూ, "నువ్వు గిట్ల మాట్లాడితే నా గిరాకీ గూడ పోతది తమ్మీ" అని నవ్వాడు. పరమేశ్ దగ్గర మాత్రం డబ్బులు తీసుకోలేదు.

ఆ సాయంత్రం పరమేశ్ వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే రోడ్డు మీంచి గొంతు వినిపించింది. "ప్రజలకు శుభవార్త! మీ చిరకాల స్వప్నం నెరవేరింది!" యశోద గుమ్మంలోంచి రోడ్డును చూసింది, మొగణ్ని చూసింది.

"నువ్వు గీడుంటే గా పోయేదెవలయ్యా?"

పరమేశ్ అలాగే ఒంటికాలి మీద నిలబడిపోయాడు. తన ఒంట్లోంచి గొంతునే ఎవడో ఎత్తుకుపోయినట్టుంది. కోపం కంటే ముందు భయమేసింది. ఈ గొంతు ఇలా తిరిగితే, ఈసారి జాతరలో తప్పిపోయిన పిల్లకు తల్లిని పిలిచినా ఎవరూ రారు.

"నేను గూడ ఆటో తీస్త. గది అబద్ధమని మైకుల చెప్త" అన్నాడు.

"మైకుకు పోలీసోళ్ల పర్మిషన్ గావాలె గదా" అంది యశోద. "ఎన్నికలు. ఏ పార్టీ అని అడుగుతరు. నీకేది పార్టీ?"

నిజమే. ఏ పార్టీ మనిషీ కానివాడికి మైకు లేదు. ఇది కూడా ఒక చిత్రమే.

మంచంలోంచి గాలయ్య దగ్గాడు. "డప్పుకెవడు పర్మిషనిస్తడు రా? తియ్యి."

అటక మీది డప్పుకు బూజు పట్టి ఉంది, తోలు సడలి ఉంది. యశోద వాకిట్లో వరిగడ్డి మంట వేసింది. గాలయ్య డప్పును మంట మీద తిప్పుతూ, వేళ్లతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటూ, పసిపిల్లకు కాక పెట్టినట్టు కాక పెట్టాడు. పుల్లలు కొడుక్కి ఇచ్చాడు. పరమేశ్ కొట్టాడు.

"గది రొట్టె కొట్టుడు. డప్పు కొట్టు."

మళ్లీ కొట్టాడు.

"మామా, ఆయనతోని గాదు గానీ నువ్వే నడువు" అంది యశోద.

మోకాళ్ల నొప్పని ఏడాదిగా గుమ్మం దాటని గాలయ్య మర్నాడు పొద్దున డప్పు చంకన వేసుకుని కొడుకు ముందర నడిచాడు. ఆ నొప్పి ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు. గచ్చుబావి గల్లీ మొదట్లో డప్పు మోగింది. ఎన్నేళ్లయిందో ఆ చప్పుడు విని. ఎవరు పోయారోనని ఆడవాళ్లు గాబరాగా బయటికొచ్చారు. ముందు రోజే దవాఖాన నుంచి వచ్చిన ఐలవ్వ గోడ పట్టుకుని నిలబడింది.

పరమేశ్‌కు మైకు లేకుండా మాట్లాడటం కొత్త. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "ఎవలు పోలేదు, భయపడకుండ్రి" అన్నాడు ముందు. "ఇంకాసేపట్ల ఒక ఆటో వస్తది. అండ్ల మాట్లాడేది నా గొంతే. గని గా మాట నేను చూసి చెప్పింది గాదు. రాసిస్తే చదివిన. నేను చేసింది తప్పు. దానికి మీరు మంచాన వడ్డరు. ఇయాల చూసి చెప్త. మోరీ అయిందో లేదో, నాతోటి రాండ్రి, అందరం కలిసి చూద్దాం."

మోరీ చూడటానికి ఎక్కడికీ పోనక్కరలేదు, కాళ్ల కిందే ఉంది. అయినా అందరూ నడిచారు. గాలయ్య ముందు, వెనక పరమేశ్, ఆ వెనక గల్లీ. బావి దగ్గర మొదలై ఏలీయా హోటల్ దాకా, ఒక్కో ఇంటి ముందు ఆగి, "గిక్కడ అయిందా?" అని పరమేశ్ అడగటం, "కాలే" అని అందరూ అనటం, గాలయ్య ఒక దెబ్బ వేయటం. మొదట ఆట లాగే ఉంది. పోనుపోను "కాలే" అనే గొంతులో నవ్వు తగ్గింది. తమ ఇంటి పర్మిషన్లు, పింఛన్లు గుర్తున్న వాళ్లు కూడా అంటున్నారు, ఎందుకంటే అందరితో కలిసి అంటే ఎవరన్నదీ ఎవరికీ తెలియదు.

సరిగ్గా అప్పుడే ఆటో వచ్చింది. "మురుగు కాలువ నిర్మాణం దిగ్విజయంగా..."

"కాలే!" అంది గల్లీ.

ఆటో ఆగిపోయింది. వెనక రాంచందర్ కారు. ఇంటింటికీ బొట్టు పెట్టే కార్యక్రమమని నిర్మలమ్మను వెంట తెచ్చాడు. కారు దిగుతూనే, "ఎవడ్రా పైసలిచ్చిండు? గాలయ్యా, ముసలితనంల నీకేం పుట్టింది?" అన్నాడు.

"ఏం పుట్టలే పటేలా. చాటింపు తప్పు వోయింది, దిద్దుతున్నం" అన్నాడు గాలయ్య.

రాంచందర్ ఇంకా ఏదో అనబోయాడు. ఐలవ్వ గోడ వదిలి నాలుగడుగులు వేసింది. ఆయన పక్కనుంచి పోయి నిర్మలమ్మ ముందు నిలబడింది.

"నిర్మలమ్మా, నేను ఓటు నీకేసిన. ఆయనకెయ్యలే. నువ్వే చెప్పు బిడ్డా, మోరీ యాడున్నది?"

అలవాటు ప్రకారం వెనకనుంచి సమాధానం వచ్చింది. "ఎన్నికలైనంక చూద్దాం."

"నిన్నడగలే సారూ. ఆమెనడిగిన."

నిర్మలమ్మ చేతిలో కుంకుమ బరిణె ఉంది. దాన్ని మూసింది. మోరీని చూసింది. చాలాసేపు చూసింది. తరువాత ఆటో దగ్గరికి పోయి, "జర మైకియ్యి" అంది. డ్రైవర్ రాంచందర్ వంక చూశాడు. "ఆయన్నేం చూస్తవ్? పర్మిషన్ నా పేరు మీదనే ఉన్నది" అంది. డ్రైవర్ ఇచ్చాడు. ఆమె మైకును తలకిందులుగా పట్టుకుంది. పరమేశ్ పోయి సరిగ్గా పట్టించాడు.

"నాకు మాట్లాడుడు రాదు" అంది నిర్మలమ్మ. తన గొంతు అంత పెద్దగా వినిపించేసరికి తనే ఉలిక్కిపడింది. "ఐదేండ్లల్ల ఒక్కసారి గూడ ఒక్కదాన్నొచ్చి ఈ గల్లీ చూడలే. మోరీ అయిందని కాయితం తెచ్చి పెట్టిండ్రు. సంతకం పెట్టిన. పరమేశ్ చూడక చదివిండు, నేను చూడక సంతకం పెట్టిన. ఇద్దరిదీ ఒక్కటే తప్పు. గని అండ్ల నాది పెద్దది."

"నిర్మలా, మైకియ్యి" అన్నాడు రాంచందర్ పళ్ల మధ్యనుంచి.

"ఇస్త. అయిపోయినంక ఇస్త." ఆమె అటు తిరగలేదు. "పని పట్టింది మా తమ్ముడు రఘుపతి. ఎవలో గాదు, నా తోడవుట్టినోడు. బిల్లు తీసుకుండు, మన్ను గూడ తవ్వలే. వాన్ని రేపు నేనే ఈడికి తోలుకొస్త. మోరీ కట్టకపోతే పై ఆఫీసుల నేనే రాసిస్త, నా సంతకం తప్పని. మోరీ అయినంకనే మీ ఇంటికి బొట్టు పెట్టనీకి వస్త."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇలాంటిది విన్నప్పుడు ఏం చేయాలో అక్కడ ఎవరికీ అలవాటు లేదు. చివరికి ఐలవ్వే అంది: "జర జల్ది తోలుకరా బిడ్డా. ఓట్లు దగ్గరికొచ్చినయ్."

అక్క తోలుకొచ్చిందో, పై ఆఫీసు మాట విని భయపడ్డాడో గానీ రఘుపతి వచ్చాడు. జేసీబీ వచ్చింది, సిమెంటు వచ్చింది. గల్లీ ఆడవాళ్లు వంతులేసుకుని అరుగుల మీద కూర్చుని పని చూశారు. సిమెంటు తక్కువ వేస్తే ఐలవ్వ విసనకర్ర లేచేది. రాంచందర్ ఆ రోజుల్లో ఎక్కువగా తూప్రాన్‌లోని లారీల దగ్గరే ఉన్నాడు.

దాంతో ఊరంతా మారిపోయిందనుకుంటే అది పచ్చి అబద్ధం. ఓట్ల ముందు పంచేవాళ్లు పంచారు, తీసుకునేవాళ్లు తీసుకున్నారు. నిర్మలమ్మ గెలిచింది గానీ చచ్చీచెడీ గెలిచింది. "నిర్మలమ్మ గెలిచింది, రాంచందర్ ఓడిండు" అని ఏలీయా హోటల్లో కొన్నాళ్లు నవ్వుకున్నారు. మారింది ఒక్కటే. ఇప్పుడు ఈ ఊళ్లో ఏ పని చాటించాలన్నా పరమేశ్ కాగితం తీసుకోడు. "నడువుండ్రి, చూద్దాం" అంటాడు. పని దగ్గరే ఆటో ఆపి, ముందు ఆ గల్లీ మనిషి చేతికి మైకిస్తాడు, తరువాతే తను మాట్లాడతాడు. మొదట్లో కిరాయిలు తగ్గాయి. తరువాత మెల్లగా, పని నిజంగా చేసినవాళ్లు వెతుక్కుంటూ రావటం మొదలైంది, ఎందుకంటే ఆ మైకు చెప్తేనే జనం నమ్ముతున్నారు. మొన్న అల్లాదుర్గ్ నుంచి ఒక సర్పంచ్ ఫోన్ చేసి, "మా ఊరి ట్యాంకు చూడనీకి ఎప్పుడొస్తవన్నా?" అని అడిగాడు.

మోరీ పూర్తయిన రోజు తొలి మైకు ఐలవ్వది. ఆమె గొంతు సవరించుకుని, కొంగు సర్దుకుని, "ఆఁ, అయింది" అంది. అంతే. మైకు తిరిగి ఇవ్వబోయి మళ్లీ దగ్గరికి లాక్కుంది. "గని హోటల్ ముంగట బండ ఒకటి కదుల్తున్నది."

నిర్మలమ్మ పోయి చూసింది. పరమేశ్ పోయి చూశాడు. గాలయ్య వంగలేక ఆ బండ మీద కాలు పెట్టి అటూ ఇటూ ఊపాడు. టకటక అంది.

పరమేశ్ మైకు అందుకున్నాడు. "గచ్చుబావి గల్లీ వాళ్లకు చెప్పేదేందంటే, మోరీ అయింది. నేను చూసిన. ఏలీయా హోటల్ ముంగట బండ ఒకటి కదుల్తున్నది, గది గూడ చూసిన. ఎల్లుండికి సరిచేస్తమంటున్నరు. ఎల్లుండి మల్ల ఇదే టైముకు వస్త, చూసి చెప్త. గప్పటిదాక జర చూసి నడువుండ్రి."

అరుగుల మీద ఎవరూ నవ్వలేదు. చంకలో పిల్లనెత్తుకుని హోటల్ వైపు వస్తున్న ఒకామె ఆ మాట విని, ఆ బండ దగ్గర ఆగి, పక్కనుంచి దాటి పోయింది.